పద్నాలుగు మంది పట్టుకొచ్చిన సైకిల్

చక్రం కనిపెట్టిన తర్వాత మనుషులకి జరిగిన పెద్ద మేలు ఏమిటంటే, రైల్లోకి సైకిళ్లు రానివ్వకపోవడం. ఈ మాట నేను తొందరపడి అనడం లేదు. పేపరు మడిచి పక్కన పెట్టి, కళ్లజోడు తుడుచుకుని, నిదానంగా ఆలోచించి అంటున్నాను.

మీలో సైకిల్ తొక్కేవాళ్లకి కోపం రావచ్చు. రానివ్వండి. కోపం తగ్గాక మళ్లీ మొదటినుంచి చదవండి.

మా స్టేషన్లో టికెట్ల కిటికీ పక్కన గోడకి ఒక రేకు బోర్డు వేలాడుతుంటుంది. 'సైకిళ్లు బండిలోకి అనుమతించబడవు' అని పెద్ద అక్షరాలు. దాని కింద 'చేతి సామాను ఒక్కొక్కరికి రెండు మాత్రమే' అని చిన్న అక్షరాలు. ఈ రెండు వాక్యాలు రాసినాయన ఎవరో తెలియదు గానీ, కనిపిస్తే శాలువా కప్పుతాను. ఆ రెండు ముక్కలూ లేకపోతే మా బండిలో ఒక పెళ్లి కుదిరేది కాదు. ఒక లాయరుగారు నవ్వడం నేర్చుకునేవారు కాదు. అన్నిటికన్నా ముఖ్యంగా, నాకు ఈ వారం రాయడానికి విషయం దొరికేది కాదు.

అన్నిటికీ మూలం మా అక్క.

అక్క నర్సు. మంచం దిగలేని రోగుల ఇళ్లకి వెళ్లి కట్లు మార్చడం, సూదులు వేయడం ఆవిడ పని. అందుకోసం ఆసుపత్రివాళ్లు ఒక సైకిల్ ఇచ్చారు. రోజూ సాయంత్రం దాన్ని మళ్లీ ఆసుపత్రిలో అప్పగించాలి, కాబట్టి ఇంకో ఊళ్లో వదిలేసి రావడానికి వీల్లేదు. రోగుల్లో ఒకాయన మాత్రం రైలు ఆగిపోయే చివరి స్టేషన్ నుంచి ఆరు కిలోమీటర్ల అవతల ఉంటాడు. రిటైరైన రైలు గార్డు. షుగరు, దానికి తోడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. తొమ్మిదింపావుకి సూది వేయాలి, వేశాకే అన్నం తినాలి. ఆయన భార్య బామ్మకి చూపు ఆనదు, ఆవిడ చేతికి సూదిస్తే దిండుకి పొడుస్తుంది. అందుకని ఆవిడ రోజూ కంచంలో అన్నీ వడ్డించి, మూత పెట్టి, అక్క కోసం గుమ్మంలో కూర్చుంటుంది. లోపల గార్డు తాత ఆకలితో గోడ గడియారం వైపు చూస్తూ ఉంటాడు.

ఆ దారిలో బస్సు పదింటికి గానీ లేదు. మరి సైకిల్ లేకుండా తొమ్మిదింపావుకి చేరడం ఎలా? సైకిల్‌తో రైలెక్కడం ఎలా?

రెండేళ్ల క్రితం అక్క ఈ ప్రశ్నే టికెట్ల కిటికీ దగ్గర అడిగింది.

"సైకిల్ కుదరదమ్మా," అన్నాడు క్లర్కు. మంచివాడే, ఎవరినీ నొప్పించని మనిషి. "సామానైతే తీసుకెళ్లొచ్చు."

"చక్రం సామానేనా?"

క్లర్కు చాలాసేపు ఆలోచించాడు. "ఒట్టి చక్రమైతే సామానే. దానికి ఇంకేదైనా తగులుకుని ఉంటే చెప్పలేను."

అంతే. మర్నాడు అక్క స్పానర్ పట్టుకుని గంట ముందే స్టేషన్‌కి వెళ్లి, మెట్ల మీద కూర్చుని, సైకిల్‌ని పూర్తిగా ఊడదీసింది. ఫ్రేము, రెండు చక్రాలు, హ్యాండిలు, సీటు, రెండు పెడళ్లు, చైను, రెండు మడ్‌గార్డులు, క్యారియర్, స్టాండు, పంపు, బెల్లు. వెరసి పద్నాలుగు సామాన్లు. అక్క చేతిలో అప్పటికే మందుల పెట్టె, టిఫిన్ డబ్బా ఉన్నాయి. అంటే ఆవిడ కోటా అయిపోయింది. బెల్లు తీసి డబ్బా మీద పెట్టుకోబోతే క్లర్కు నొచ్చుకుంటూ, "అది మూడోది అవుతుందమ్మా," అన్నాడు. నట్లూ బోల్టులూ మాత్రం గౌను జేబులో వేసుకోనిచ్చాడు. జేబులో ఉన్నది సామాను కిందకి రాదట.

అప్పుడు అక్క ప్లాట్‌ఫాం మీదకి చూసింది. అక్కడ రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడే జనం, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో సంచి. అంటే ప్రతి మనిషికీ ఇంకో సామాను ఖాళీ!

చూశారా నిబంధన మహిమ! ఆ బోర్డు లేకపోతే మా అక్క ఆ జనం వంక ఎందుకు చూస్తుంది?

ఆ రోజు నుంచి పద్నాలుగు మంది తలా ఒకటి పట్టుకుని అక్క సైకిల్‌ని రైలెక్కిస్తున్నారు. చివరి స్టేషన్లోనే వాళ్లందరి ఉద్యోగాలు. ఫ్రేము హాస్టల్ వంటమనిషిది. ఆయన పెద్ద గంగాళాలు ఎత్తే మనిషి, ఫ్రేముని భుజానికి తగిలించుకుని అది ఉన్న సంగతే మరిచిపోతాడు. హ్యాండిలు హెడ్‌మిస్ట్రెస్‌గారిది. ఇంకెవరికీ ఇవ్వరు, అడిగే ధైర్యం కూడా ఎవరికీ లేదు. చైను లెక్కల మాస్టారు పుచ్చుకున్నారు. లింకులు లెక్కపెడుతూ వెళ్తారు, రోజూ అన్నే ఉంటాయి, ఆయనకి అదొక ఊరట. స్కూల్లో పిల్లల సంఖ్య రోజుకొకలా వస్తుందట.

బెల్లు లాయరుగారికి వచ్చింది. కోర్టులో కూడా చిరాగ్గా ఉండే మనిషి. మొదటి వారం దాన్ని ముల్లు పట్టుకున్నట్టు పట్టుకున్నారు. రెండో వారం సొరంగంలో చీకటి పడగానే ఎవరో ఒక్కసారి 'ట్రింగ్' మనిపించారు. వెలుతురు వచ్చాక చూస్తే లాయరుగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఇప్పుడు సొరంగం వస్తే పెట్టె అంతా మాటలు ఆపి ఆ చప్పుడు కోసం ఎదురుచూస్తుంది.

ఎడమ పెడలు టైపిస్టు అమ్మాయి పట్టుకునేది. కుడి పెడలు మందుల షాపు అబ్బాయిది. రెండూ కలిపి అక్కకి ఇవ్వాలి కాబట్టి ఇద్దరూ ఒకేసారి దిగాలి, ఒకేసారి దిగాలంటే పక్కపక్కన కూర్చోవాలి. మిగతాది మీకు తెలుసు. పెళ్లి పనుల కోసం ఇద్దరూ సెలవు పెడితే, వాళ్ల బదులు వియ్యపురాళ్లిద్దరూ వచ్చి చెరో పెడలు పట్టుకున్నారు. గంటా అయిదు నిమిషాల ప్రయాణంలో ఆ ఇద్దరూ మాట్లాడుకున్నంత పొందిగ్గా వియ్యపురాళ్లు మాట్లాడుకోవడం ఇంతవరకు ఎక్కడా వినలేదంటుంది అక్క. చేతిలో ఇనప వస్తువు ఉన్నప్పుడు మర్యాద దానంతట అదే వస్తుంది కాబోలు.

ఇన్ని మేళ్లు చెప్పినా మా అక్కకి నచ్చదు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్లు చాపుకుని కూర్చుని నా మీద పడుతుంది.

"ఒరేయ్, ఇంట్లో కూర్చుని బాగానే మెచ్చుకుంటావు. ఏనాడైనా వచ్చి ఒక్క మడ్‌గార్డు పట్టుకున్నావా? దిగాక పద్నాలుగు మంది దగ్గరా ముక్కలు పోగుచేసుకుని బిగించుకునేసరికి నలభై నిమిషాలు. తాత నోట్లో ముద్ద పడేసరికి రోజూ పదవుతోంది. నిన్న వణుకుతున్నాడు. బామ్మ అయితే ఆ కంచం మూత తీసి చూసి మళ్లీ పెట్టేస్తోంది. నా వల్ల ఆయనకి ఏదైనా అయితే నేనేం సమాధానం చెప్పాలి?"

నాకూ బాధనిపించింది, కాదనను. కానీ గొప్ప నిబంధనలన్నీ ఎవరో ఒకరు ఆకలిగా ఉంటేనే నిలబడతాయి. ఆ మాట అక్కతో అనలేదు. స్పానర్ ఆవిడ చేతికి అందుబాటులో ఉంది.

ఇలా ఉండగా పోయిన నెల బండికి కొత్త టీసీ వచ్చాడు. టికెట్లు చూసే కుర్చీలో అంత నికార్సైన మనిషి ఇదివరకు కూర్చోలేదు. ఎక్కగానే ముందు చక్రం కనిపించింది. పళ్ల డాక్టరుగారి ఒళ్లో ఉంది.

"ఇది ఎవరిది?"

"నాది."

"ఎందుకు?"

"తోడుగా ఉంటుందని."

నాలుగు అడుగులు వేశాడు. దర్జీ దగ్గర సీటు. హెడ్‌మిస్ట్రెస్‌గారి దగ్గర హ్యాండిలు, అక్కడ మాత్రం ఏమీ అడగలేదు. ఇంకో నాలుగు అడుగులు వేసేసరికి వంటమనిషి భుజాన ఫ్రేము. టీసీకి మొహం ఎర్రబడింది.

"ఈ పెట్టెలో సైకిల్ ఉంది," అన్నాడు.

"ఎక్కడుందో చూపించండి," అన్నారు లాయరుగారు. బెల్లు అప్పటికే టోపీ కింద దాచారు.

మనిషన్నవాడు అక్కడితో ఊరుకోవాలి. ఈయన ఊరుకోలేదు. కోటు విప్పి కొక్కేనికి తగిలించి, చొక్కా చేతులు మడిచి, ఒక్కొక్కరి దగ్గరా ముక్క లాక్కుని, అందరూ చూస్తుండగా పెట్టె మధ్యలో సైకిల్ బిగించడం మొదలుపెట్టాడు. నట్లు ఏవని అడిగితే అక్క జేబులోంచి తీసిచ్చింది. స్పానర్ కూడా ఇచ్చింది. మధ్యలో ఒకసారి, "అది అటువైపు కాదు నాయనా, ఇటు తిప్పు," అని కూడా చెప్పింది. లెక్కల మాస్టారు చైను ఎక్కించే పద్ధతి వివరించారు. చివరి స్టేషన్ వచ్చి బండి ఆగేసరికి టీసీ లాయరుగారి టోపీ ఎత్తి, బెల్లు తీసి, హ్యాండిలుకి బిగించి, గట్టిగా రెండుసార్లు మోగించాడు.

"ఇదిగో, సైకిల్!"

"అవును," అన్నారు లాయరుగారు. "బండిలో సైకిల్ ఉంది. అది మీ చేతిలో ఉంది. మేమెవరమూ సైకిల్ తేలేదు. రాసుకోండి."

టీసీ సైకిల్ వంక చూశాడు, తన చేతుల వంక చూసుకున్నాడు. పుస్తకం తీసి, తన పేరు మీద తనే కేసు రాసుకుని, సంతకం పెట్టి, కింద చిరునామా కూడా వేశాడు. నికార్సైన మనిషని ముందే చెప్పాను. అతను ఆ పనిలో ఉండగా అక్క బిగించి ఉన్న సైకిల్ దింపుకుని వెళ్లిపోయింది.

ఆ రోజు తొమ్మిదీ పదికల్లా గార్డు తాత ఇంట్లో ఉంది.

"బండి గాని ముందొచ్చిందా?" అన్నాడు తాత అనుమానంగా. ఆయన నౌకరీలో అలాంటిది ఎన్నడూ జరగలేదు.

సూది వేసింది. బామ్మ కంచం మూత తీసింది. పదార్థాలు ఇంకా వేడిగానే ఉన్నాయి. రెండేళ్లలో మొదటిసారి అక్కకి కూర్చోవడానికి తీరిక దొరికింది. కూర్చుని, బోర్డు సంగతి, పద్నాలుగు ముక్కల సంగతి, టీసీ సంగతి అన్నీ చెప్పింది. బామ్మ నవ్వలేక కొంగు నోట్లో కుక్కుకుంది. తాత మాత్రం ముద్ద చేతిలో పట్టుకుని ఆగిపోయాడు.

"ముక్కలెందుకమ్మాయీ? చివరి పెట్టె ఉందిగా. సైకిళ్ల కోసం కట్టిందే అది. నా రోజుల్లో ముప్పై సైకిళ్లు ఎక్కేవి."

"చివరి పెట్టెకి తాళం వేసుంటుంది తాతగారూ. లోపల ఏముందో ఎవరికీ తెలియదు."

తాత ముద్ద కంచంలో పెట్టేసి గోడ వైపు తిరిగాడు. బామ్మే లేచి, తడుముకుంటూ వెళ్లి, ట్రంకు పెట్టెలోంచి ఒక నల్ల కోటు తెచ్చింది. దాని లోపలి జేబులోంచి బెత్తెడు పొడవు తాళం చెవి తీసి మంచం మీద పెట్టింది.

"తొమ్మిదేళ్లయింది," అంది. "నేను చెప్తూనే ఉన్నాను."

జరిగింది ఇది. రిటైరైన రోజు తాత ఎప్పటిలాగే తన సైకిల్ చివరి పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళం చెవి జేబులో వేసుకున్నాడు. బండి దిగగానే దండలు, ఉపన్యాసాలు, ఫోటోలు. తర్వాత కారెక్కించి ఊరేగింపుగా ఇంటికి తీసుకొచ్చారు. సైకిలూ గుర్తులేదు, తాళం చెవీ గుర్తులేదు. మర్నాడు గుర్తొచ్చింది.

"మరి వెళ్లి ఇచ్చేయలేకపోయారా?"

"అడగడానికి వస్తారనుకున్నాను," అన్నాడు తాత. "ముప్పై నాలుగేళ్లు చేశాను కదా, ఒకరు రారా అనుకున్నాను. మనంతట మనం వెళ్తే, రిటైరైనా స్టేషన్ వదల్లేదంటారు. నాలుగు రోజులు చూశాను. తర్వాత వారం చూశాను. తర్వాత మోకాళ్లు పోయాయి."

"ఈ తాళం చెవి ఎక్కడ ఉండాలి?"

"టికెట్ల కిటికీ పక్కన గోడకి మేకు ఉంటుంది. రోజూ దానికే తగిలించేవాణ్ణి."

అక్కకి ఆ మేకు తెలుసు. బోర్డు వేలాడుతున్నది దానికే.

మర్నాడు పొద్దున్న అక్క సైకిల్ ఆసుపత్రిలోనే వదిలేసి, తాళం చెవితో స్టేషన్‌కి వెళ్లింది. క్లర్కు దాన్ని చూడగానే తల దించుకున్నాడు. తొమ్మిదేళ్ల క్రితమూ ఆ కిటికీలో ఉన్నది అతనే.

"దండ వేసి పంపించిన మనిషిని మర్నాడే తాళం చెవి ఏదని అడిగితే ఏం బాగుంటుందమ్మా? దొంగతనం అంటగట్టినట్టుండదూ? ఆయనే తెస్తారులే అనుకున్నాం. ఈలోగా సైకిళ్లవాళ్లు గొడవ పెడుతుంటే, ఏదో ఒకటి చెప్పాలి కదా అని ఆ బోర్డు రాయించాం. మేకు ఎలాగూ ఖాళీగానే ఉంది."

టీసీ వచ్చి తాళం తీశాడు. తలుపు ఇద్దరు లాగితే తెరుచుకుంది. లోపల దుమ్ము, ఆ దుమ్ములో గోడకి ఆనించిన ఒకే ఒక్క సైకిల్. హ్యాండిలుకి ఎండిపోయిన పూలదండ. సైకిళ్లకి ప్రవేశం లేని ఆ బండిలో అది రోజుకి రెండుసార్లు చొప్పున తొమ్మిదేళ్లుగా ప్రయాణం చేస్తూనే ఉంది.

"దింపి ఇప్పించండి," అంది అక్క. "ఆయనకిచ్చేస్తాను."

క్లర్కు పుస్తకాలు తిరగేశాడు. "ఎక్కించినట్టు కాగితం లేదమ్మా. ఎక్కించని సైకిల్‌ని దింపడానికి వీల్లేదు."

ఇక్కడ మీరు నిట్టూర్చి ఉంటారు. నిట్టూర్చకండి. నిబంధనకి మనం తోడుంటే అది మనకి తోడుంటుంది. టీసీ ఒకసారి అక్క వైపు చూశాడు, ఒకసారి ప్లాట్‌ఫాం మీద ఒక చేత్తో సంచి పట్టుకుని, రెండో చెయ్యి ఖాళీగా నిలబడ్డ పద్నాలుగు మంది వైపు చూశాడు.

"సామానైతే దింపొచ్చుగా?" అన్నాడు.

ఆ రోజు పద్నాలుగు మందీ చివరి పెట్టెలో ప్రయాణం చేశారు. అందులో మనుషులు ఎక్కకూడదని ఏ బోర్డూ లేదు. బండి కదులుతుండగానే సైకిల్ ఊడదీశారు. తుప్పుకి నట్లు రాకపోతే పళ్ల డాక్టరుగారు తన పట్టకారు తీశారు. చివరి స్టేషన్లో ఒకరి వెనక ఒకరు దిగారు, ఒక్కొక్కరి చేతిలో ఒక సంచి, ఒక ముక్క. టీసీ తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరి సామానూ లెక్కపెట్టి, "రెండు, రెండు, రెండు," అంటూ పంపించాడు. స్టేషన్ బయట పంక్చర్లు వేసే ఆయన రెండు పాత టైర్లు ఎక్కించాడు. పద్నాలుగు మందికీ ఎవరి ముక్క ఎక్కడ బిగించాలో కంఠతా వచ్చు. ఎవరూ ఆఫీసుకి వెళ్లాలని తొందరపడలేదు. దండ మాత్రం అక్క తీసి మందుల పెట్టెలో జాగ్రత్తగా పెట్టింది.

ఆ సైకిలెక్కి అక్క ఆరు కిలోమీటర్లూ తొక్కింది. సందు మలుపులో అడ్డంగా ఎవరూ లేకపోయినా బెల్లు కొట్టింది.

లోపల తాత ఆ చప్పుడు విని మంచం మీద లేచి కూర్చున్నాడట. తర్వాత, మోకాళ్ల సంగతి మరిచిపోయి, గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడట. సైకిల్‌ని చూశాడు. తలెత్తి గడియారం చూశాడు. తొమ్మిదీ ఇరవై అయిదు.

"తొమ్మిదేళ్ల పది నిమిషాలు లేటు," అన్నాడు.

హ్యాండిలు మీద చెయ్యి వేసి చూసుకున్నాడు. బామ్మ వచ్చి ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టింది.

ఇప్పుడు ఆ సైకిల్ పగలంతా అక్క దగ్గర, రాత్రి పంక్చర్ల ఆయన దగ్గర ఉంటోంది. తాతే అలా ఏర్పాటు చేశాడు. అక్క రోజూ తొమ్మిదీ పదికి సూది వేస్తోంది, బామ్మ వేడివేడిగా మూత తీస్తోంది. బండిలో మాత్రం పద్నాలుగు మందికి చేతులు ఏం చేసుకోవాలో తోచడం లేదు. మొన్న సొరంగంలో చీకటి పడితే పెట్టె అంతా ఊపిరి బిగబట్టింది, ఏ చప్పుడూ రాలేదు. మర్నాడు అక్క ఆసుపత్రి సైకిల్ బెల్లు ఊడదీసి జేబులో వేసుకెళ్లి, ఏమీ అనకుండా లాయరుగారి చేతిలో పెట్టింది.

మరి చివరి పెట్టె? తాళం వేసే ఉంది. అక్క తాళం చెవి ఇవ్వబోతే క్లర్కు గోడ వైపు చూపించాడు.

"మేకు ఖాళీ లేదమ్మా. బోర్డు ఉంది కదా. ఖాళీ అయ్యేదాకా ఆయన్నే దాచమని చెప్పు. ఈసారి మేమే వచ్చి అడుగుతాం."

తాత దాన్ని మళ్లీ నల్ల కోటు జేబులో పెట్టుకున్నాడు. ఎవరైనా వస్తారని రోజూ గెడ్డం గీసుకుని కూర్చుంటున్నాడట. నిన్నటికి ఇరవై రెండు రోజులు.

నేను ఆ బోర్డుని ఎంత పొగిడినా, ఈ ఒక్కటి మాత్రం నాకు మింగుడు పడటం లేదు. ఒక మనిషిని ఒక మాట అడగడానికి మొహమాటపడి ఊరందరికీ ఒక నిబంధన పెట్టారు. అది నిలబడ్డది ఒక్క మేకు మీద.

అందుకని నిన్న సాయంత్రం బజారుకి వెళ్లి ఇంకో మేకు కొన్నాను. మా అక్క విషయంలో నేను ఇంట్లోంచి కదలడం ఇదే మొదలు. గోడ మీద బోర్డు పక్కన బోలెడు చోటుంది. నా దగ్గర సుత్తి లేదు. మీలో ఎవరి దగ్గరైనా ఉందా? అడుగుతున్నాను.